భూమిలో నీటి పైపు లీకైతే: ఎక్కడ తవ్వాలో తేల్చుకోవడం, తవ్వాక గట్టిగా అతికించడం

"మిద్దె మీద ట్యాంకు సాయంత్రం నింపితే పొద్దున్నకి సగమే ఉంటోంది. కొళాయిలన్నీ కట్టే ఉన్నాయి. ఎక్కడ తవ్వించమంటారు?" ఎండలు ముదిరే కొద్దీ ఒంగోలు నుంచి, కావలి నుంచి, కందుకూరు నుంచి తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఇదే.

నేను చెప్పేది కూడా ఒకటే. ఇవాళ ఎక్కడా తవ్వొద్దు. ముందు ఏ లైనో తేల్చండి. ఆ లైనులో ఏ ఆరడుగుల ముక్కో తేల్చండి. గడ్డపార ఆ తర్వాతే.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. ఒంగోల్లో మా ఇంటి వెనక గోడవార చెమ్మ కనబడగానే మనుషుల్ని పిలిచి, చెమ్మ ఉన్నచోటే తవ్వించాను. మూడు గుంతలయ్యాయి, ఆరు నాపరాళ్ళు పగిలాయి. లీకు మాత్రం అక్కడ లేదు. అక్కడికి పదకొండు అడుగుల అవతల, స్నానాల గది గోడ కింద పైపు మలుపులో వేసిన బెండు దగ్గరుంది. పైపు చుట్టూ మట్టి ఎప్పుడూ వదులుగానే ఉంటుంది కదా, నీళ్ళు ఆ దారినే జారుకుంటూ వచ్చి పునాది అడ్డం తగిలినచోట పైకి తేలాయి.

తొందరపడి తవ్వొద్దన్నాను గానీ, లీకును వాయిదా మాత్రం వేయకండి. పోయే నీళ్ళొక్కటే కాదు నష్టం. కొళాయి నీళ్ళు వదిలినంతసేపూ పైపులోంచి బయటికి కారతాయి. సరఫరా ఆగి పైపు ఖాళీ అయ్యాక, చుట్టూ ఉన్న మురికి అదే కంతలోంచి లోపలికి వస్తుంది. పక్కనే డ్రైనేజీ పైపో, మరుగుదొడ్డి గుంతో ఉంటే ఆ నీళ్ళే మర్నాడు సంపులోకి చేరతాయి. ఇంట్లో పసిపిల్లలుంటే ఇది ఒక్కరోజు కూడా ఊరుకోకూడని విషయం. లీకు బాగుచేసి లైను కడిగేదాకా తాగే నీళ్ళు కాచి చల్లార్చుకోండి.

## 1. ముందు పైన చూడాల్సినవి

భూమిలో లీకు అనుకున్నది చాలాసార్లు భూమిలో ఉండదు. ఈ నాలుగూ చూశాకే ముందుకెళ్ళండి.

- ఫ్లష్ ట్యాంకు: బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు అందులో వేసి, అరగంట ఎవర్నీ వాడొద్దనండి. కమోడులో నీలం దిగితే లోపల వాషరు పోయినట్టే. చప్పుడు లేకుండా రాత్రంతా నీళ్ళు పోయేది ఇక్కడే.
- మిద్దె ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు: మోటారు ఆపిన వెంటనే పైకెక్కి చూడండి. దాని కింద గోడ మీద తెల్లటి ఉప్పు చారలుంటే అది పాత కథ.
- నాన్ రిటర్న్ వాల్వ్: మోటారు పైపును ట్యాంకు అడుగున కలిపిన ఇళ్ళలో ఈ వాల్వ్ పాడైతే ట్యాంకు నీళ్ళు తిరిగి సంపులోకే దిగిపోతాయి. ట్యాంకు తగ్గి, సంపు పెరిగితే అదే.
- పెరట్లో కొళాయి, సోలార్ హీటరు పైపులు: చేత్తో తడిమి చూడండి. కంటికి కనబడని చెమ్మ చేతికి తెలుస్తుంది.

## 2. మీ ఇంటి లైన్లు కాగితం మీద గీసుకోండి

మన వైపు ఇళ్ళలో మామూలుగా నాలుగు రకాల లైన్లుంటాయి.

అ) వీధిలోంచి సంపులోకి వచ్చే కొళాయి లైను.
ఆ) బోరు నుంచి సంపుకో ట్యాంకుకో వెళ్ళేది.
ఇ) సంపు మోటారు నుంచి మిద్దె ట్యాంకుకి వెళ్ళేది.
ఈ) ట్యాంకు నుంచి స్నానాల గదికి, వంటింటికి, పెరటికి దిగేవి.

ఒక్కో లైను ఎక్కడ నేలలోకి దిగుతుందో, మళ్ళీ ఎక్కడ పైకి లేస్తుందో గీయండి. వాల్వులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. ఇల్లు కట్టినప్పుడున్న మేస్త్రీ గానీ, ఇంట్లో పెద్దవాళ్ళు గానీ ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. "అప్పట్లో తులసికోట కిందుగా తీసుకెళ్ళారు" లాంటి మాట ఒక్కటి ఒకరోజు కూలి మిగులుస్తుంది.

## 3. మూడు రాత్రుల పరీక్ష

దీనికి పైసా ఖర్చు లేదు. అయినా ఓపిక పట్టలేక చాలామంది వదిలేసేది ఇదే.

వాల్వ్ పరీక్ష ముందు. ట్యాంకు కింద గేట్ వాల్వ్ కట్టి, కింద ఒక కొళాయి తిప్పి వదిలేయండి. పైపులో మిగిలిన నీళ్ళు కాసేపు వచ్చి ఆగిపోవాలి. పావుగంట తర్వాత కూడా సన్నగా వస్తూనే ఉంటే ఆ వాల్వ్ మూసుకోవట్లేదు. ఏళ్ళ తరబడి తిప్పని గేట్ వాల్వులు ఇలాగే ఉంటాయి. ముందు దాన్ని మార్చండి, లేకపోతే కింద చెప్పిన లెక్కలన్నీ తప్పుతాయి.

మొదటి రాత్రి. అందరూ పడుకున్నాక ట్యాంకు మూత తీసి, ఒక సన్నకర్ర నిలువుగా అడుగు తగిలేదాకా దించి, తడిసిన చోట గీత పెట్టండి. వాల్వులు తెరిచే ఉంచండి, కొళాయిలు మాత్రం అన్నీ కట్టాలి. పొద్దున ఎవరూ నీళ్ళు ముట్టకముందే అదే కర్రతో మళ్ళీ చూడండి. మూడున్నర అడుగుల వ్యాసమున్న వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గితే దాదాపు 9 లీటర్లు పోయినట్టు.

రెండో రాత్రి. ట్యాంకు కింద వాల్వులన్నీ కట్టి అదే కొలత తీయండి.

- మొదటి రాత్రి తగ్గి, రెండో రాత్రి తగ్గలేదంటే లీకు దిగే లైన్లలో ఉంది.
- రెండు రాత్రులూ ఒకేలా తగ్గితే ట్యాంకులోనో, ట్యాంకుకీ వాల్వుకీ మధ్యనో ఉంది. మోటారు పైపు ట్యాంకు అడుగున కలవని ఇంట్లో అయితే నేల జోలికి వెళ్ళక్కర్లేదు.

మూడో రాత్రి. దిగే లైన్లకి వేరువేరు వాల్వులుంటే ఒక్కటే తెరిచి, మిగతావి కట్టి చూడండి. ఏది తెరిస్తే తగ్గిందో లీకు దాన్లోనే. రెండు లైన్లకీ ఒకే వాల్వ్ ఉన్న ఇంట్లో, నేలలోంచి పైకొచ్చే చోట ఒక లైనును విప్పి ఎండ్ క్యాప్ (పైపు మూతికి వేసే మూత) బిగిస్తే సరి. అదే రాత్రి సంపులో కూడా కర్రగీత పెట్టండి. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు సంపులో ఒక సెంటీమీటరంటే 28 లీటర్ల దాకా ఉంటుంది. కొళాయి నీళ్ళు రాని రాత్రి చూసుకుని కొలవండి. సంపు కొలతకి మూత తెరిచి బయట నుంచే కర్ర దించాలి. లోపలికి దిగొద్దు. మూసి ఉన్న సంపులో ఊపిరాడక మనుషులు పోతారు.

## 4. కొళాయి లైను, మోటారు లైను

ఈ రెండింటికీ రాత్రి పరీక్ష పనికిరాదు. నీళ్ళు పారుతున్నప్పుడే చూడాలి.

కొళాయి లైను: నీళ్ళొచ్చే వేళ సంపు దగ్గర వాల్వ్ పూర్తిగా కట్టండి. ఇప్పుడు ఆ పైపులో నీళ్ళు కదలకూడదు. బయటికి కనబడే పైపు మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కండి. "సుయ్" మని ఆగని చప్పుడొస్తే నీళ్ళు ఎక్కడో పోతున్నాయి.

లీకు మీ ప్రహరీ అవతల, వీధి వైపు ఉందనిపిస్తే మీరు తవ్వకండి. ఊళ్ళో అయితే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి, పల్లెలో అయితే గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకి రాతపూర్వకంగా చెప్పి, నకలు మీ దగ్గర పెట్టుకోండి.

మోటారు లైను: ట్యాంకు నిండడానికి మామూలుగా ఎన్ని నిమిషాలు పడుతుందో మీకు తెలిసే ఉంటుంది. ఇరవై నిమిషాల్లో నిండేది ముప్పై పడుతుంటే, సంపులో నీళ్ళూ ఎక్కువ ఖర్చవుతుంటే, లీకు ఈ లైనులో ఉండొచ్చు. టైము పెరిగినా సంపులో ఖర్చు పెరగలేదంటే తప్పు మోటారుదో ఫుట్ వాల్వుదో (సంపులో పైపు అడుగునుండే వాల్వ్), నేలలో పైపుది కాదు. తేడా ఇక్కడ పట్టుకోకపోతే అనవసరంగా నేల తవ్వుతారు.

## 5. మట్టిని బట్టి గుర్తులు మారతాయి

మన ఒంగోలు, నెల్లూరు వైపు నేల అంతటా ఒకే రకం కాదు. అందుకే ఎక్కడో చెప్పిన గుర్తులు మన ఇంట్లో పనిచేయవు.

నల్లరేగడి. ఒంగోలు చుట్టుపక్కల చాలాచోట్ల ఇదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఈ లాగుడుకే జాయింట్లు ఊడతాయి. వేసవిలో పెరడంతా నెర్రెలిచ్చి, ఒక్కచోట మాత్రం నేల మూసుకుపోయి నున్నగా ఉందంటే అక్కడ చెమ్మ ఉందన్నమాట. నీళ్ళు ఈ మట్టిలో నెమ్మదిగా పాకుతాయి కాబట్టి లీకు ఆ చోటుకి దగ్గర్లోనే ఉంటుంది. పైపు పక్కన ఇసక పోసి ఉంటే మాత్రం మా ఇంట్లో లాగే దూరం జారుతుంది.

ఇసక నేల. కొత్తపట్నం, ఉలవపాడు, మైపాడు వైపు సముద్రపు వార ఇళ్ళలో నీళ్ళు పైకి రానే రావు. ఎంత పోయినా ఇసక తాగేస్తుంది. ఇక్కడ చెమ్మ కోసం చూడకండి, కుంగుడు కోసం చూడండి. బండ మీద సుత్తి పిడితో తట్టండి. చుట్టుపక్కల బండలు "టక్" మంటే, ఒకటి మాత్రం "డొబ్" మంటుంది. దాని కింద ఇసక కొట్టుకుపోయింది.

ఎర్రనేల, రాతినేల. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి వైపు పైమట్టి కింద త్వరగానే రాయి తగులుతుంది. నీళ్ళు రాతి మీదుగా పల్లానికి జారి ఎక్కడో తేలతాయి. చెమ్మ కనబడిన చోటు నుంచి ఎగువకి వెతుక్కుంటూ వెళ్ళాలి.

ఏ నేలైనా కొన్ని గుర్తులు ఒకటే: గరిక ఒక్క గీతలో పచ్చగా ఉండటం, బండల సందుల్లో పాచి, చీమలు గుడ్లు మోసుకుని ఒకే గోడ ఎక్కడం, తెల్లవారుజామున ఎవరూ నీళ్ళు వాడకపోయినా డ్రైనేజీ ఛాంబర్లో తేటనీళ్ళు సన్నగా పారడం. ఈ చివరిది తప్పకుండా చూడండి. లీకైన నీళ్ళు పగిలిన డ్రైనేజీ పైపులోకి దూరితే పైన ఏ గుర్తూ కనబడదు.

## 6. ఆరడుగుల ముక్క తేల్చడం

ముగ్గు గీత. లైను పోయే దారిని నేల మీద ముగ్గు పిండితో గీయండి. అడుగుకొక చుక్క పెట్టి నంబర్లు వేయండి.

చువ్వ. మట్టి నేలయితే ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప చువ్వ తీసుకోండి. గీత మీద కాదు, గీతకి అరడుగు పక్కగా, చుక్క చుక్క దగ్గరా అడుగున్నర లోతుకి గుచ్చి తీయండి. మొన పొడిగా వచ్చిందా, తడిగా వచ్చిందా, బురద కారుతూ వచ్చిందా కాగితం మీద రాయండి. బురద వచ్చిన చుక్కల్లో లైనుకి ఎగువనున్నదే మీకు కావలసింది. మోటారు వైరు, ఎర్తింగు ఎటు పోతున్నాయో తెలియకుండా చువ్వ ముట్టొద్దు. మెయిన్ ఆపే చేయండి.

చెవి. రాత్రి రెండింటికి, ఫ్యాన్లు కూడా ఆపి, లైను మీదున్న ప్రతి కొళాయి దగ్గరా స్క్రూడ్రైవరు ఆనించి వినండి. చప్పుడు ఎక్కువున్న రెండు కొళాయిల మధ్యన లీకుంటుంది. ఒక ఇబ్బంది ఉంది. పదడుగుల ఎత్తుకి నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 0.3 కేజీలే. మిద్దె ట్యాంకు నుంచి దిగే లైనులో చప్పుడు చాలా సన్నగా ఉంటుంది. వినబడలేదని లీకు లేదనుకోవద్దు.

ప్రెజర్ పంపు. ప్లంబర్ల దగ్గర చేత్తో కొట్టే టెస్టింగ్ పంపు, దానికి మీటరూ ఉంటాయి. లైను రెండు చివరలూ మూసి నీళ్ళతో నింపి, ఒత్తిడి ఎక్కించి, అది తగ్గుతుందేమో అరగంట చూస్తారు. పాత పైపుకి 4 కేజీలు దాటనివ్వకండి, బాగున్న జాయింట్లు కూడా వదిలేస్తాయి. కంప్రెసర్ గాలి పెట్టి చూస్తామంటే ఒప్పుకోకండి. గాలి ఒత్తిడికి ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు చాకుల్లా ఎగురుతాయి.

టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచేది). ఇది మన వైపు బాగా పనికొచ్చే కిటుకు. చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన, కొళాయి నీళ్ళు చప్పన. ఫిల్టరు బాగుచేసేవాళ్ళ దగ్గరుండే చిన్న మీటరుతో బోరు నీళ్ళు, కొళాయి నీళ్ళు, గుంతలో ఊరిన నీళ్ళు మూడూ కొలవండి. గుంత అంకె దేనికి దగ్గరుంటే లీకు ఆ లైనుది. మట్టిలో ఉప్పు కలిసి అంకె కాస్త పెరుగుతుంది, అందుకని గుంత నీళ్ళు ఒకసారి తోడేసి, కొత్తగా ఊరినవి కొలవాలి. నోట్లో వేసుకుని మాత్రం చూడొద్దు.

సబ్బు వాసన, నురగ ఉంటే అది మంచినీళ్ళ లైను కాదు, వాడి వదిలేసిన నీళ్ళు పోయే పైపు. స్నానాలప్పుడు పెరిగి మధ్యాహ్నానికి ఆరే చెమ్మ కూడా అంతే. అక్కడ ఈ మరమ్మతు పనిచేయదు.

## 7. తవ్వే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పైపు కోశాక షాపుకి పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

- గడ్డపార, పార, తట్ట, తాపీ, చిన్న చెంబు
- హ్యాక్సా, కొత్త బ్లేడు, సన్న ఆకురాయి, గరుకు కాగితం
- పొడి గుడ్డలు నాలుగు, పాత పేపర్లు
- కొలత టేపు, మార్కర్ పెన్ను
- పైపు ముక్క మూడడుగులు, కప్లర్లు (రెండు పైపులు కలిపే ముక్కలు) మూడు, యూనియన్ (మర విప్పి మళ్ళీ బిగించుకోగల జాయింటు) ఒకటి, ఎండ్ క్యాపులు రెండు
- ఆ పైపుకి తగిన సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు), కొత్త డబ్బా
- గట్టి చెప్పులు, చేతి తొడుగులు. బండల కింద తేళ్ళుంటాయి, వట్టి చేత్తో ఎత్తకండి.
- ఇంట్లో రెండు రోజులకి సరిపడా నీళ్ళు బిందెల్లో, డ్రమ్ముల్లో

సైజు విషయంలో ఎక్కువమంది మోసపోతారు. "అంగుళం కప్లరివ్వండి" అని అడిగితే సరిపోదు. అంగుళం సీపీవీసీ (వేడినీళ్ళకి కూడా ఆగే ప్లాస్టిక్) పైపు బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, అంగుళం యూపీవీసీది (చన్నీళ్ళకి వాడేది) 33.4, పొలాలకి వాడే బూడిదరంగు పీవీసీలో దానికి దగ్గరగా ఉండేది 32. ఒకదాని కప్లరు ఇంకోదానికి పట్టదు. పట్టీపట్టనట్టు దూరినా నిలవదు. పైపు బయటపడ్డాక దాని మీద రాసున్న అక్షరాలు ఫొటో తీసుకుని, చుట్టుకొలత దారంతో తీసుకుని షాపుకి వెళ్ళండి. కోసిన ముక్క ఉంటే ఇంకా మంచిది.

## 8. తవ్వడం

1. మోటారు స్విచ్చి కాదు, దాని ఎంసీబీయే ఆపండి. తడినేలలో ఇనుప గడ్డపార పట్టుకుని నిలబడబోతున్నారు.
2. బండలు తీసేటప్పుడు ప్రతిదాని వెనకా నంబరు వేసి, అదే వరసలో గోడకి చేర్చండి.
3. గుంత రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చాలు. మట్టి ఒకవైపే, గుంతకి రెండడుగుల దూరంలో పోయండి.
4. పైపు సాధారణంగా అడుగు, అడుగున్నర లోతులో ఉంటుంది. ముప్పావు అడుగు దాటాక గడ్డపార పక్కన పెట్టి తాపీతో గోకండి. పాత లీకుకి కొత్త కంత తోడయ్యేది ఇక్కడే.
5. గుంతలో ఒక మూల ఇంకో అరడుగు లోతు చేయండి. నీళ్ళు అక్కడ చేరితే చెంబుతో తోడొచ్చు, బురద పైపులోకి పోదు.
6. నీళ్ళు పైపు ఏ వైపు నుంచి వస్తున్నాయో చూసి అటే గుంత పెంచండి. రెండో గుంత తవ్వకండి.
7. లీకు కనబడ్డాక దాని కింద నాలుగంగుళాలు, రెండు పక్కలా మూడేసి అడుగులు పైపును విడిపించండి. ఇది ఎక్కువ అనిపిస్తుంది గానీ, పైపు వంగి లేవకపోతే కొత్త ముక్క దూరదు.

ఇసక నేలలో మూడడుగులు దాటితే అంచులు విరిగి మీద పడతాయి. వాలుగా తవ్వండి. గోడ పునాదికి ఆనుకుని లోతుకి పోవద్దు.

## 9. కోసి అతికించడం

మా ఇంట్లో ఊడిన బెండును కోసి చేతిలోకి తీసుకుని చూశాను. లోపల సగం చుట్టూ సొల్యూషన్ పసుపుగా కరిగి పట్టుకుని ఉంది. మిగతా సగం నున్నగా, అంగడి నుంచి తెచ్చిన రోజులాగే మెరుస్తోంది. పైపు గోడకి దగ్గరగా ఉండటంతో బ్రష్షు వెనక్కి తిరగలేదు, చేసినవాళ్ళు పైసగం పూసి దూర్చేశారు. ఆ జాయింటు తొమ్మిదేళ్ళు ఎలా ఆగిందో గానీ, ఆగింది. అందుకే కింది వరసలో ఏ ఒక్కటీ వదలొద్దని అడుగుతున్నాను.

1. నీళ్ళు పూర్తిగా ఆపండి. వాల్వ్ కట్టి, ఆ లైనులో అన్నిటికన్నా కిందున్న కొళాయి తెరవండి. చుక్క కూడా ఆగాలి. తడి మీద సొల్యూషన్ పట్టదు. ఇంకా చెమ్మ వస్తుంటే కోసిన మూతిని కాస్త పైకెత్తి, కింద చిన్న రాయి పెట్టండి.
2. చెడిన భాగానికి రెండు పక్కలా రెండేసి అంగుళాలు ఎక్కువ కోయండి. పగులు కంటికి కనబడేదాని కన్నా పొడుగుంటుంది. జాయింటు కారితే దాని మీద పూతలు పూయకండి. బెండు, టీ (మూడు పైపులు కలిపే ముక్క) ఏదైనా పూర్తిగా కోసి కొత్తది వేయాలి.
3. కోత నిటారుగా ఉండాలి. పైపు చుట్టూ కాగితం చుట్టి గీత గీసుకుంటే వంకర పోదు.
4. మూతి లోపలా బయటా అంచులు గీకి, నూగు తీసేయండి. నూగు సొల్యూషన్‌ని నెట్టేస్తుంది.
5. పొడిగా పెట్టి చూడండి. కప్లరులో పైపు ఎంతదాకా వెళ్ళాలో మార్కర్‌తో గీత పెట్టండి. మధ్య ముక్క పొడవు అప్పుడు కొలిచి కోయండి.
6. తుడవండి. పొడిగుడ్డతో రెండుసార్లు. వేలు పెట్టి చూస్తే మట్టి రాకూడదు.
7. సొల్యూషన్: ముందు పైపుకి చుట్టూ, తర్వాత కప్లరు లోపల పల్చగా, మళ్ళీ పైపుకి ఒకసారి. చేతికి అందని వెనకవైపు ముందు పూయండి.
8. పావు తిప్పు తిప్పుతూ గీతదాకా నెట్టండి. అరనిమిషం వదలకుండా పట్టుకోండి. వదిలేస్తే పైపు వెనక్కి జరుగుతుంది.
9. రెండో వైపు: పైపును పైకి వంచి ముక్కను దూర్చి, కిందికి దించుతూ కలపండి. వంగే చోటు లేకపోతే ఆ వైపు యూనియన్ వేయండి. యూనియన్ వేసిన చోట పూడ్చకుండా చిన్న ఛాంబరు కట్టి మూత పెడితే ముందు ముందు రబ్బరు మార్చుకోవచ్చు.

నెల్లూరు ఎండలో ఒక మాట. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం సొల్యూషన్ బ్రష్షు మీదే ఎండిపోతుంది. పొద్దున ఎనిమిదిలోపు గానీ, గోనెపట్టా నీడ కట్టి గానీ చేయండి. డబ్బాలో సొల్యూషన్ జున్నులా గట్టిపడితే పారేయండి. థిన్నరు కలిపి వాడొద్దు.

ట్యాంకు నుంచి దిగే లైనయితే ఆరు గంటలు, మోటారు లైనయితే 24 గంటలు ఆరనివ్వండి. డబ్బా మీద ఇంకా ఎక్కువ రాసుంటే దాన్నే పాటించండి.

ఇనుప జీఐ పైపు: ఒకచోట తుప్పుపట్టి కారిందంటే మిగతా చోట్లా పల్చబడే ఉంటుంది. ఎంసీల్ (అద్దితే గట్టిపడే ముద్ద), రబ్బరు వేసి క్లాంపు బిగించడం నాలుగు రోజులు గడుపుకోవడానికే. నా మటుకు నేను ఆ లైనుని అక్కడే మూసి వదిలేసి, గోడ మీదుగా కొత్త సీపీవీసీ లైను లాగమంటాను. ఇనుము, ప్లాస్టిక్ కలిసేచోట ఇత్తడి మరలున్న అడాప్టర్లు, అంటే బయటి మర ఉన్న ఎంటీఏ, లోపలి మర ఉన్న ఎఫ్‌టీఏలే వాడండి. ఇనుప మర మీద ప్లాస్టిక్ మర బిగిస్తే ఎండాకాలం తిరిగేలోపు చీలుతుంది.

నల్ల హెచ్‌డీపీఈ పైపు: కొళాయి కనెక్షన్లకి ఇదే ఎక్కువ. దీనికి ఏ సొల్యూషనూ అంటదు. కంప్రెషన్ కప్లరు వేసి చేత్తో బిగించి, రెంచితో ఇంకాస్త బిగించాలి, అంతే.

## 10. పూడ్చక ముందు

- వాల్వ్ పావు వంతే తెరిచి నెమ్మదిగా నింపండి. చివరి కొళాయి తెరిచి గాలి పోనివ్వండి.
- జాయింట్లు తుడిచి, పొడి ముగ్గు పిండి చల్లండి. సూదిమొనంత చెమ్మ ఉన్నా పిండి అక్కడ నల్లబడుతుంది.
- కింద పేపరు పరిచి గంట ఆగండి. మోటారు లైనయితే మోటారు మూడుసార్లు వేసి ఆపి చూడండి. వేసేటప్పుడు, ఆపేటప్పుడు వచ్చే కుదుపే జాయింటుకి అసలు పరీక్ష.
- వీలుంటే గుంత తెరిచే ఉంచి ఆ రాత్రి మళ్ళీ కర్రగీత పెట్టండి. చుట్టూ అడ్డం పెట్టండి, చీకట్లో పిల్లలు, పశువులు పడకుండా.

లైను కడగడం. ముందు బురదనీళ్ళు తేటగా అయ్యేదాకా వదలండి. ఫిల్టరుకి వెళ్ళే వాల్వ్ కట్టేయండి. వెయ్యి లీటర్ల ట్యాంకుకి 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు ఒక బకెట్టు నీళ్ళలో కలిపి, పైకి తేరిన నీళ్ళు మాత్రం ట్యాంకులో పోయండి. ప్రతి కొళాయీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. నాలుగు గంటలాగి మొత్తం వదిలేసి, మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. ఈ నాలుగు గంటలూ ఆ నీళ్ళు ఎవరూ తాగకూడదు, ఒంటికి పోసుకోకూడదు. ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

పూడ్చడం. పైపు కింద నాలుగంగుళాల ఇసక, పైన ఆరంగుళాల ఇసక. రాళ్ళు, సిమెంటు పెచ్చులు పైపుకి తగలకూడదు. నల్లరేగడి ఉన్నచోట తవ్విన మట్టి మళ్ళీ పైపు పక్కన వేయకండి, ఇసక మీద గ్రావెల్ వేయండి. అరడుగుకొక వరస వేసి, నీళ్ళు చిలకరించి దిమ్మిసతో కొట్టండి. ఇసక దాటేదాకా మాత్రం కాలితో తొక్కితే చాలు. బండలు వారం తర్వాత పరిస్తే కుంగవు.

## 11. మళ్ళీ కారితే

కప్లరు చుట్టూ సన్నగా ఊరుతోంది. తడి మీద అతికించారు, లేదా గీతదాకా నెట్టలేదు. పైన పూస్తే లాభం లేదు. కోసి మళ్ళీ చేయాలి. మూడో కప్లరు కొనమన్నది ఇందుకే.

లీకు బాగయింది, ట్యాంకు ఇంకా తగ్గుతోంది. రెండో లీకుంది. మొదటిది మూసేసరికి ఒత్తిడి పెరిగి బలహీనంగా ఉన్న ఇంకో జాయింటు బయటపడటం మామూలే. మూడో భాగం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఒకే లైనులో మూడోది కూడా వస్తే ఇంక తవ్వకండి, ఆ లైను మార్చేయండి.

మర దగ్గర కారుతోంది. టెఫ్లాన్ టేపు తిరగేసి చుట్టి ఉంటారు. మర బిగిసే వైపుకే పది చుట్లు వేసి, చేత్తో బిగించాక రెంచితో ఒక చుట్టు చాలు.

వేడినీళ్ళ లైను జాయింటు వదిలేసింది. సోలారు నుంచి వచ్చే పైపుకి యూపీవీసీ వేసినట్టున్నారు. అది 45 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. అక్కడ సీపీవీసీయే ఉండాలి.

లీకు స్తంభం కింద, ఇంటి గచ్చు కింద, లేదా గోడ పునాదిని దాటే చోట ఉందని తేలితే సొంతంగా పగలగొట్టకండి. ఆ ముక్కని రెండు వైపులా ఎండ్ క్యాపులతో మూసి, గోడ మీదుగా చుట్టు తిప్పి కొత్త లైను వేయించడం తేలిక, ఇంటికీ క్షేమం.

పని అయ్యాక గుంత పూడ్చక ముందు తీసిన ఫొటో ఒకటి, రెండు స్థిరమైన చోట్ల నుంచి కొలత ఒకటి పెట్టుకోండి. "వంటింటి మూల నుంచి 7 అడుగులు, బోరు నుంచి 12 అడుగులు, లోతు అడుగుంపావు" అని తేదీతో సహా కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలివైపు అంటించండి. నెల తర్వాత ఒక రాత్రి ఆ కర్రని మళ్ళీ ట్యాంకులో దించి చూడండి.